గంట, మూడు గంటలు, అరవై నెలలు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు రోడ్డు. రెండోది హైదరాబాదు మీదుగా వచ్చి బందరులో ఆగిపోయే 65వ నంబరు రోడ్డు. దివిసీమ నుంచీ, గుడివాడ నుంచీ, కైకలూరు, నూజివీడు, జగ్గయ్యపేటల నుంచీ జబ్బుపడ్డ మనిషిని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని బయల్దేరినవాళ్లు ఈ కూడలికి ఏదో ఒక పక్కనున్న ఆస్పత్రి గుమ్మంలో దిగుతారు. ఒకప్పుడు డాక్టర్లంటే సూర్యారావుపేటే. ఇప్పుడు పెద్ద ఆస్పత్రులు రింగు రోడ్డు మీదకీ, మొగల్రాజపురం, పటమటల వైపుకీ పరుచుకున్నాయి. వాటిలో ఎక్కడైనా సరే, సాయంత్రం నాలుగు దాటాక బిల్లింగ్ కౌంటరు ముందు నిలబడితే ఒకటే ప్రశ్న చెవిన పడుతుంది: "అప్రూవల్ వచ్చిందాండీ?"

పొద్దున రౌండ్లకి వచ్చిన డాక్టరుగారు ఇంటికి వెళ్లొచ్చన్నారు. రోగికి సెలైన్ సూది తీసేశారు. ఊళ్లో వాళ్లకి ఫోన్లు వెళ్లాయి. అయినా మనిషి కదలడానికి లేదు. ఎక్కడో మరో నగరంలో బీమా కంపెనీ కంప్యూటరు ముందు ఎవరో 'సరే' అనాలి. ఈ ఎదురుచూపు ఎన్ని ఇళ్లలో ఎన్ని సాయంత్రాలు తినేసిందో లెక్క కట్టినవారు లేరు. అయితే ఒక కాగితం మాత్రం ఆ సాయంత్రాన్ని పట్టించుకుంది. దాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

ఆ కాగితం పుట్టింది మన హైదరాబాదులోనే. దేశంలోని బీమా కంపెనీలన్నిటినీ అదుపులో ఉంచే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 1999 నాటి చట్టంతో ఏర్పడి, 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకి మారింది. పొట్టిగా ఐఆర్‌డీఏఐ అంటారు. ఆ సంస్థ 2024 మే 29న ఆరోగ్య బీమా మీద ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. అంతకుముందు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయిన 55 సర్క్యులర్లను రద్దు చేసి, వాటి సారాన్ని ఒకచోట పెట్టింది. సర్కారు కాగితాన్ని మెచ్చుకుంటూ ఇంత పొడుగు వ్యాసం ఏమిటని అనుకోవచ్చు. కానీ దానిలో కొన్ని వాక్యాలు నిజంగా పనితనం ఉన్న వాక్యాలు. బెంజ్ సర్కిల్ దాటగానే వచ్చే ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే మేస్త్రీ, లోడు ఏ ఇరుసు మీద పడాలో చూసుకున్నాకే చెక్క కోస్తాడు. ఈ వాక్యాలు రాసినవాళ్లు కూడా ముందు బరువు సంగతే చూసుకున్నారు: మంచం మీదున్న మనిషి మీద పడుతున్న బరువేదో గుర్తించి, దాన్ని మోయగలిగినవాళ్ల మీదకి మార్చారు.

మొదట మూడు గంటల వాక్యం చూద్దాం. డిశ్చార్జికి అనుమతి కోరుతూ ఆస్పత్రి పంపిన అభ్యర్థన అందాక మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇచ్చి తీరాలి. డిశ్చార్జి కోసం పాలసీదారుణ్ణి ఏ పరిస్థితిలోనూ కూర్చోబెట్టకూడదు. ఇంతవరకూ ఎవరైనా రాయగలరు. గడువులు పెట్టడం సర్కారుకి కొత్త కాదు, గడువులు దాటిపోవడం మనకీ కొత్త కాదు. అసలు పనితనం తర్వాతి మాటలో ఉంది. మూడు గంటలు దాటి ఆలస్యమైతే, అందువల్ల ఆస్పత్రి వేసే అదనపు మొత్తాన్ని కంపెనీయే భరించాలి, అదీ తన వాటాదారుల నిధి నుంచి.

'వాటాదారుల నిధి' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. బీమా కంపెనీ దగ్గర రెండు ఖాతాలుంటాయి. మనందరం కట్టే ప్రీమియం పాలసీదారుల నిధిలోకి వెళ్తుంది, క్లెయిములు దానిలోంచే చెల్లిస్తారు. యజమానుల పెట్టుబడి, వాళ్ల లాభం ఉండేది వాటాదారుల నిధిలో. ఆలస్యానికి పరిహారం మొదటి ఖాతా నుంచి ఇవ్వొచ్చని వదిలేసి ఉంటే, కంపెనీ నిదానానికి జరిమానా కట్టేది ఇంకెక్కడో తెనాలిలోనో ఏలూరులోనో ప్రీమియం కట్టే మరో పాలసీదారుడయ్యేవాడు. ఈ ఒక్క మాటతో ఆ దారి మూసేశారు. ఆలస్యం చేసేది కంపెనీ, నష్టపోయేది దాని యజమాని. ఒక రాత్రి అదనంగా పడే గది అద్దె పెద్ద కంపెనీకి లెక్కలోది కాదు. అయినా అలాంటి రాత్రులన్నీ యజమానుల ఖాతాలో ఖర్చుగా కనబడటం మొదలైతే, కంప్యూటరు ముందు కూర్చునే మనుషుల సంఖ్య పెంచడమే చవక అని కంపెనీకి దానంతటదే తెలిసొస్తుంది. నీతులు చెప్పకుండా లెక్కతో పని చేయించే వాక్యం ఇది.

ఆస్పత్రిలో చేరేటప్పటి అనుమతికి ఇచ్చిన గడువు ఒక గంట. అందిన వెంటనే తేల్చాలి, ఎంత ఆలస్యమైనా గంట దాటకూడదు.

గడువు అంకె లేని చోటు కూడా ఒకటుంది. చికిత్స జరుగుతుండగా మనిషి చనిపోతే కంపెనీ క్లెయిమును వెంటనే ముందుకు నడపాలనీ, భౌతికకాయాన్ని ఆస్పత్రి నుంచి వెంటనే విడిపించేలా చూడాలనీ ఉంది. అక్కడ గంట అనలేదు, మూడు గంటలు అనలేదు. గంటలు లెక్కపెట్టే పాటి వ్యవధి కూడా ఆ కుటుంబానికి ఉండకూడదన్నదే ఉద్దేశం. రాసినవాళ్లెవరో ఆస్పత్రి వెనక గుమ్మం దగ్గర అంబులెన్సు ఆగి ఉండటం చూసినవాళ్లే అయ్యుండాలి అనిపిస్తుంది నాకు.

కాగితాల సంగతి మరొకటి. క్లెయిము అంటే మనవాళ్లకి ఒక ఫైలు. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు, స్టెంటు స్టిక్కరు, మందుల చీటీలు. వీటిలో ఒకటి తగ్గిందంటూ ఉత్తరం వస్తే, బందరు నుంచి మళ్లీ బస్సెక్కి వచ్చి మెడికల్ రికార్డుల గది ముందు నిలబడాలి. సర్క్యులర్ దీన్ని తిరగేసింది. కావలసిన పత్రాలను కంపెనీ, లేదా దాని తరఫున పని చేసే టీపీఏ (థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్), ఆస్పత్రి నుంచే తెప్పించుకోవాలి. ఆస్పత్రికీ కంపెనీకీ మధ్య ఒప్పందం ఉంది, కంప్యూటర్లున్నాయి, జీతాలు తీసుకునే మనుషులున్నారు. ఆపరేషను చేయించుకుని ఇంట్లో పడుకున్న మనిషిని మధ్యలో తపాలా బంట్రోతుగా వాడుకోవడం ఎందుకన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే. అడగడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇక తిరస్కరణ. క్లెయిము ఇవ్వడం తేలిక, కాదనడం కష్టం అన్నట్టు ఉండాలి బీమా. మన అనుభవంలో మాత్రం ఎప్పుడూ తలకిందులే. ఒక గుమాస్తా 'రిజెక్టెడ్' అని నొక్కితే ఒక కుటుంబం పొలం అమ్ముకున్న సందర్భాలు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ వింటాం. కొత్త నిబంధన ప్రకారం ఏ క్లెయిమునూ ఒక్క మనిషి తిరస్కరించలేడు. కంపెనీలోని ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ గానీ, దానిలోంచి ఏర్పడ్డ ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ రివ్యూ కమిటీ గానీ ఆమోదించాలి. పూర్తిగా కాదన్నా, కొంత కోసినా, పాలసీలోని ఏ షరతు కింద కోశారో చూపిస్తూ రాతపూర్వకంగా చెప్పాలి. ఇక్కడ ఉన్న నేర్పు గమనించండి: తిరస్కరించొద్దని ఎక్కడా అనలేదు. మోసపు క్లెయిములుంటాయి, వాటిని ఆపకపోతే అందరి ప్రీమియమూ పెరుగుతుంది. కాదనే పనిని శ్రమతో కూడినదిగా మార్చారు, అంతే. ముగ్గురు కూర్చోవాలి, కారణం రాయాలి, రాసిన కారణం రేపు వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాలి.

ఇప్పుడు అరవై నెలల మాట. నా దృష్టిలో ఈ మొత్తం కట్టడంలో నడిమి దూలం ఇదే, అందుకని కొంచెం నెమ్మదిగా చూద్దాం.

ఆరోగ్య పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారం నింపుతాం. షుగరుందా, బీపీ ఉందా, ఇంతకుముందు ఆపరేషన్లయ్యాయా. చాలా ఇళ్లలో ఆ ఫారం నింపేది ఏజెంటు, ఇంటాయన సంతకం పెడతాడు. "షుగరు రాయకండి మాస్టారూ, ప్రీమియం పెరుగుతుంది, తర్వాత చూసుకుందాం" అనే ఏజెంట్లు ఉన్నారు. పదేళ్లు ప్రీమియం కట్టాక గుండెపోటు వస్తుంది. అప్పుడు కంపెనీ ఆ ఫారం బయటికి తీసి, పాత డాక్టరు చీటీ ఒకటి వెతికి పట్టుకుని, "మీకు షుగరున్న సంగతి దాచారు" అంటుంది. పదేళ్లు డబ్బు తీసుకుంటున్నప్పుడు గుర్తురాని ప్రశ్న అది.

దీనికి మందుగా 'మారటోరియం' అనే నియమం ఉంది. పాలసీ ఇన్నేళ్లు తెంపు లేకుండా నడిస్తే, ఆ తర్వాత వివరాలు దాచారనో తప్పు చెప్పారనో క్లెయిమును ప్రశ్నించడానికి వీల్లేదు. రుజువైన మోసం ఒక్కటే మినహాయింపు. ఇదివరకు ఈ గడువు 96 నెలలు, అంటే ఎనిమిదేళ్లు. 2024లో దాన్ని 60 నెలలకి తగ్గించారు. ఈ వాక్యంలోనూ చిన్న చిన్న మేకులున్నాయి. ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి పోర్టబిలిటీ కింద మారినా పాత నెలలు లెక్కలో ఉంటాయి. బీమా మొత్తాన్ని మధ్యలో పెంచుకుంటే, పెంచిన భాగానికి మాత్రం లెక్క కొత్తగా మొదలవుతుంది. 'రుజువైన' అన్న విశేషణం మరీ ముఖ్యం. అనుమానం చాలదు, ఆరోపణ చాలదు, మోసమని కంపెనీ నిరూపించాలి. రుజువు భారం మళ్లీ బలవంతుడి మీదికే వెళ్లింది.

దానితో పాటు ముందునుంచీ ఉన్న జబ్బులకి వేచి ఉండాల్సిన గరిష్ఠ కాలాన్ని 48 నెలల నుంచి 36 నెలలకి దించారు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు 30 రోజులైంది. గతంలో క్లెయిము చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించకూడదు.

న్యాయస్థానాలు కూడా ఇదే వైపు నడిచాయి. 2021 డిసెంబరు 6న సుప్రీంకోర్టు మన్మోహన్ నందా కేసులో ఇచ్చిన తీర్పు మన కృష్ణా, గుంటూరు జిల్లాల తల్లిదండ్రులందరూ తెలుసుకోదగింది. ఆయన 2009లో ప్రయాణ వైద్య బీమా తీసుకుని అమెరికా వెళ్లారు. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చింది, స్టెంట్లు వేశారు. షుగరుందని ఆయన ముందే చెప్పారు, కంపెనీ పరీక్షలు కూడా చేయించుకుంది. అయినా కొలెస్ట్రాల్ సంగతి చెప్పలేదంటూ కంపెనీ డబ్బివ్వనంది. ఆరోగ్య స్థితి అంచనా వేసుకుని పాలసీ ఇచ్చాక, వెల్లడించిన జబ్బునే సాకుగా చూపి తప్పించుకోవడం కుదరదని కోర్టు తేల్చింది. ఉయ్యూరు నుంచీ పామర్రు నుంచీ కూతురి పురుడుకో, కొడుకు గృహప్రవేశానికో విమానం ఎక్కే ప్రతి జంటకీ ఈ తీర్పు అవసరమే. మరో మూడు రోజులకి జేకబ్ పున్నెన్ కేసులో, రెన్యువల్ వేళ షరతులు మారిస్తే ఆ సంగతి పాలసీదారుడికి చెప్పడం కంపెనీ బాధ్యత అని అదే కోర్టు స్పష్టం చేసింది.

గది అద్దె కోత గురించి చెప్పకపోతే ఈ పరిచయం అసంపూర్ణం, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేది అక్కడే. పాలసీలో గది అద్దె రోజుకి 5,000 రూపాయలు మించకూడదని ఉందనుకోండి. ఆ రోజు ఖాళీ ఉన్న గది 10,000ది. ఐదు రోజులున్నారు, గది 50,000 అయింది. డాక్టర్ల ఫీజు, థియేటరు ఛార్జీలు కలిపి లక్ష. మందులు, పరీక్షలు, స్టెంటు లక్షన్నర. మొత్తం మూడు లక్షలు. గది పరిమితికి రెట్టింపైంది కనక బిల్లంతా సగానికి కోసేస్తే చేతికి వచ్చేది లక్షన్నర. 2020 జూన్‌లో ఐఆర్‌డీఏఐ దీన్ని సరిచేసింది. గది స్థాయిని బట్టి మారే ఖర్చులకే ఈ నిష్పత్తి కోత వర్తిస్తుంది. మందులు, వాడి పారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, రోగనిర్ధారణ పరీక్షలు ఆ కోతలోకి రావు. ఐసీయూ ఛార్జీలకీ నిష్పత్తి కోత లేదు. పై లెక్కలో గదికి 25,000, ఫీజులకి 50,000, మిగతాది పూర్తిగా లక్షన్నర, మొత్తం 2,25,000 రావాలి. డెబ్బై ఐదు వేల తేడా! స్టెంటు ధర గదికి ఏసీ ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి మారదు. ఈ చిన్న నిజాన్ని పట్టుకుని నిబంధనగా మార్చినవారికి నమస్కారం పెట్టాలి.

ఈ పనితనమంతా 2024లో ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీని పోలికలు మనకి ముందే తెలుసు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా విస్తరించింది. అప్పటిదాకా పెద్ద ఆపరేషను అవసరమైన పేదవాడు ఎమ్మెల్యేగారి ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకునేవాడు. వైద్యుడే ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో వచ్చిన ఈ పథకం అర్జీని హక్కుగా మార్చింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు.

ఆరోగ్యశ్రీ కూర్పుని ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. ముందునుంచీ ఉన్న జబ్బుకి వేచి ఉండటం అన్నదే లేదు, మొదటి రోజు నుంచే వర్తింపు. ప్రైవేటు బీమా ఈనాటికీ మూడేళ్లు అడుగుతున్న చోట, ఆనాడే సున్నా పెట్టారు. ఆస్పత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర ఉంటారు. కార్డు చూసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పి, ఫొటో తీయించి, అనుమతికి కాగితాలు ఆన్‌లైన్‌లో పంపించే మనిషి. ఏమీ తెలియని ముసలమ్మ కూడా కౌంటరు ముందు ఒంటరి కాకూడదన్న ఆలోచన ఆ ఉద్యోగాన్ని సృష్టించింది. పథకంలో చేరిన ఆస్పత్రులు ఊళ్లకి వెళ్లి వైద్య శిబిరాలు పెట్టాలన్న షరతు ఉంది. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, ఇంటికి తిరిగి వెళ్లడానికి దారి ఖర్చులు కూడా ప్యాకేజీలోనే ఉన్నాయి. దారి ఖర్చుల దాకా ఆలోచించిన చేయి ఎవరిదో గానీ, అది అవనిగడ్డకి ఆఖరి బస్సు ఎప్పుడో తెలిసిన చేయి.

ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ పథకం పేరు మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2019 డిసెంబరులో చేర్చిన ఆరోగ్య ఆసరా కింద, ఆపరేషనయ్యాక పనికి పోలేని రోజులకి రోజుకి 225 రూపాయల చొప్పున, నెలకి 5,000 మించకుండా భృతి ఇచ్చారు. కూలి మనిషికి జబ్బు అంటే బిల్లు మాత్రమే కాదు, ఆగిపోయిన కూలి కూడా అని గుర్తించిన నిబంధన అది. 2023 డిసెంబరులో చికిత్స పరిమితిని 25 లక్షలకి పెంచారు. ఏ పార్టీ ఏ పేరు పెట్టినా, 2007లో వేసిన అతుకులు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి.

మెచ్చుకోలు నిజమైనదైతే వదులు అతుకులు కూడా చూపించాలి. ఆరోగ్యశ్రీకి పెద్ద లోపం డబ్బు చెల్లింపులు. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయాయంటూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన రోజులు ఒకటి రెండుసార్లు కాదు, పదే పదే వచ్చాయి. ఆ రోజుల్లో కార్డు చేతిలో ఉన్నా గుమ్మం దగ్గరే నిలిచిపోయిన రోగికి పథకం కూర్పు ఎంత గొప్పదైనా ఒరిగేదేమీ లేదు. చెల్లింపు ఆలస్యమైతే ప్రభుత్వమే వడ్డీతో కట్టాలన్న నియమం ఇక్కడ గట్టిగా ఉండి తీరాలి.

ఐఆర్‌డీఏఐ సర్క్యులర్‌లో వదులు మరోచోట ఉంది. మూడు గంటల గడియారం మొదలయ్యేది ఆస్పత్రి అభ్యర్థన కంపెనీకి అందినప్పుడు. డాక్టరు పొద్దున పదింటికి వెళ్లమన్నాక, ఫార్మసీ లెక్క తేలి, వార్డు సిస్టర్ ఫైలు దించి, బిల్లింగ్ వాళ్లు అభ్యర్థన పంపేసరికి మధ్యాహ్నం మూడైతే, ఆ ఐదు గంటలూ ఈ గడియారంలో లేవు. కారణం రాజ్యాంగంలోనే ఉంది. బీమా కేంద్ర జాబితాలోని అంశం, ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలోవి. కంపెనీని కట్టడి చేసే చేయి హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఆస్పత్రిని కట్టడి చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, దానికి ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ కోసం 2002లో చేసిన చట్టం చేతిలో ఉంది. రోగి ఈ రెండు చేతుల మధ్య ఉన్నాడు. అమెరికాలో బీమా నియంత్రణ ప్రధానంగా రాష్ట్రాలదే, 1945 నాటి చట్టం ఆ ఏర్పాటుని ఖాయం చేసింది. అయినా ఆస్పత్రి, బీమా కంపెనీ గొడవపడి రోగికి అనుకోని బిల్లు పంపే అలవాటుని ఆపడానికి 2022 నుంచి అమలయ్యేలా దేశమంతటికీ ఒక చట్టం చేయాల్సి వచ్చింది. మనకీ అలాంటి అతుకు ఒకటి కావాలి: డాక్టరు డిశ్చార్జి రాసిన ఇంత సేపట్లో అభ్యర్థన పంపాలని ఆస్పత్రులకి రాష్ట్రం నియమం పెడితే, మూడు గంటల వాక్యం అప్పుడు పూర్తవుతుంది.

ప్రీమియం సంగతీ అంతే. 65 ఏళ్లు దాటినవారికీ పాలసీలుండాలన్నారు గానీ, ధర వింటే పెన్షను మీద బతికే వాళ్ల గుండె జారుతుంది. 2025 జనవరిలో, వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనతో సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ షరతు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. రెండూ మంచివే. ఇంకా చాలదు.

నిబంధన ఉన్నా కంపెనీ వినకపోతే ఏం చేయాలి? ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పెట్టాలి. 155255కి ఫోను చేసి గానీ, బీమా భరోసా పోర్టల్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు రాష్ట్రాలకీ కార్యాలయం హైదరాబాదులో. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది, కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. ఇక్కడా ఒక మంచి మేకు దిగ్గొట్టారు: అంబుడ్స్‌మన్ తీర్పుని 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీ ఫిర్యాదుదారుడికి రోజుకి 5,000 రూపాయలు కట్టాలి. ఖజానాకి కాదు, ఫిర్యాదుదారుడికి.

అదీ కాదంటే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే ఊరిని బట్టి కేసు వేసుకోవచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా విజయవాడలోనే విచారణ. ఫీజు చూసేది మనం చెల్లించిన ప్రతిఫలాన్ని బట్టి. ఐదు లక్షల దాకా ఫీజు లేదు. ఆరోగ్య బీమాలో ప్రతిఫలం అంటే ప్రీమియమే కనక, క్లెయిము ఎంత పెద్దదైనా దాదాపు అందరికీ ఫీజు లేకుండానే గుమ్మం తెరుచుకుంటుంది.

చివరికి చదివేవారికి నా విన్నపం. ప్రతి ఆరోగ్య పాలసీతోనూ 'కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్' అనే చిన్న కాగితం ఇవ్వాలి. బీమా మొత్తం, వేచి ఉండే కాలాలు, గది పరిమితి, కోతలు, ఫిర్యాదు చేసే చోటు అన్నీ దానిలో తేలిక మాటల్లో ఉండాలి. మీరు అడిగితే దాన్ని తెలుగులో ఇవ్వాలని నిబంధన ఉంది. ఈ వారంలోనే మీ ఏజెంటుకి ఫోను చేసి తెలుగు కాగితం అడగండి. కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లయితే ప్రపోజల్ ఫారం మీరే నింపండి, షుగరుంటే షుగరుందని రాయండి. డిశ్చార్జి రోజున మాత్రం కౌంటరు దగ్గర "అప్రూవల్ వచ్చిందా" అని అడిగే ముందు, "అభ్యర్థన ఎన్ని గంటలకి పంపారు" అని అడిగి, ఆ టైము రాసిపెట్టుకోండి.